పద్దెనిమిదేళ్ల కుర్రాడి సంతకం మీద ఊరందరి పెత్తనమా?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు మన పెద్దలు. అమెరికాలో ఏటా డిసెంబరు నెల వచ్చిందంటే ఈ సామెత లక్షల మందికి సరిపోతుంది. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ల హైస్కూలు కుర్రాడు ఒకడు, తాను ఏ కాలేజీలో చేరి ఫుట్‌బాల్ ఆడబోతున్నాడో నలుగురి ముందు చెబుతాడు. అంతే, ఒక రాష్ట్రంలో పండగ, పక్క రాష్ట్రంలో ఏడుపు. ఏడుపుతో ఆగితే ఆట మీద ప్రేమలే అనుకుని ఊరుకోవచ్చు. కానీ ఆగదు. నిన్నటిదాకా ‘మావాడు’ అని నెత్తిన పెట్టుకున్న వాడినే ద్రోహి అంటారు, అమ్ముడుపోయాడంటారు, వాళ్ల అమ్మానాన్నలను కూడా వదలరు.

ఇది తప్పని నేనంటాను. కొంచెం తప్పు కాదు, పూర్తిగా తప్పు. ఆ ఎంపిక ఆ కుర్రాడిది. అభిమాని చప్పట్లు కొట్టొచ్చు, బాధపడొచ్చు. తీర్పు చెప్పే హక్కు మాత్రం అతనికి లేదు. ఎక్కడో అమెరికా గొడవ మన బడి పత్రికలో ఎందుకని అడగొద్దు. చివరిదాకా చదివాక, ఆ జబ్బు మన ఇళ్లలో ఉందో లేదో మీరే చెప్పండి.

ముందు సంగతేమిటో చూద్దాం

ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, చేత్తో విసరడం, ఒకరినొకరు గుద్దుకుని పడగొట్టడం. డబ్బు తీసుకుని ఆడేవాళ్ల లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ వేరే ఉంది. అయినా చాలా ఊళ్లలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, జనానికి ప్రాణం కాలేజీ జట్టే. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. మన చెన్నై చెపాక్ స్టేడియంలో పట్టే జనాన్ని రెండుసార్లు తెచ్చి కూర్చోబెట్టినా అక్కడ ఇంకా చోటు మిగులుతుంది. అలాంటి జట్లలోకి హైస్కూళ్ల నుంచి పిల్లల్ని తెచ్చుకోవడాన్నే రిక్రూటింగ్ అంటారు. ర్యాంకులిచ్చే సంస్థలు పిల్లలకు నక్షత్రాలు వేస్తాయి. ఐదు నక్షత్రాలు దేశం మొత్తం మీద ఏడాదికి కొద్దిమందికే దక్కుతాయి. అలాంటి వాడి ఇంటికి పెద్ద పెద్ద కోచ్‌లే వచ్చి, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడతారు.

కుర్రాడు ముందు నోటిమాటగా ఒక కాలేజీకి ‘వస్తాను’ అంటాడు. పదో తరగతిలోనే అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటకు కట్టుబడి తీరాలని నిబంధనేమీ లేదు. కుర్రాడికీ లేదు, కాలేజీకీ లేదు. సంతకం చేసే రోజు వేరే ఉంది. పూర్వం అది ఫిబ్రవరిలో ఉండేది, 2017 నుంచి డిసెంబరులో కూడా పెట్టారు. మన పద్ధతిలో చెప్పాలంటే మొదటిది పెళ్లిమాటలు అనుకోవడం, రెండోది మూడుముళ్లు పడటం. ఆ రోజు టేబుల్ మీద నాలుగైదు కాలేజీల టోపీలు పెట్టుకుని, కుర్రాడు అందులో ఒకటి తీసి తలకు పెట్టుకుంటాడు. పేరున్నవాడైతే టీవీలో చూపిస్తారు.

హంటర్ సంగతి

2021 డిసెంబరు 15న జార్జియా రాష్ట్రంలో ట్రావిస్ హంటర్ అనే కుర్రాడి వంతు వచ్చింది. ఆ ఏడాది దేశం మొత్తంలో మొదటి వరుసలో ఉన్న ఆటగాడు. 2020 మార్చి నుంచీ ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి మాటిచ్చి ఉన్నాడు. తీరా సంతకం రోజున అతను పెట్టుకున్న టోపీ మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌ది. జాక్సన్ స్టేట్ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన పాత విద్యాసంస్థ. దాని జట్టు పెద్ద జట్లు ఆడే అంచెలో లేదు, దాని కింది అంచెలో ఉంది. డబ్బు తక్కువ, టీవీలో కనబడటం తక్కువ. అప్పుడు అక్కడ కోచ్ డియాన్ శాండర్స్. ఆయన కూడా ఒకప్పుడు ఫ్లోరిడా స్టేట్‌లో ఆడి పేరు తెచ్చుకున్నవాడే.

అప్పుడు ఆ కుర్రాడు రెండు వైపుల నుంచీ మాటలు పడ్డాడు. ఫ్లోరిడా స్టేట్ అభిమానులకు అతను ద్రోహి. మిగతా చాలామందికి వెర్రివాడు. ‘ఇంత ఆట పెట్టుకుని చిన్న కాలేజీకి పోతాడా, జీవితం పాడుచేసుకున్నాడు’ అని జాలిపడ్డారు. డబ్బు తీసుకునే వెళ్లాడని పుకారు లేచింది, శాండర్స్ దాన్ని ఖండించాడు.

తర్వాత ఏం జరిగింది? 2022 డిసెంబరులో శాండర్స్ కొలరాడో విశ్వవిద్యాలయానికి మారాడు, హంటర్ కూడా వెంట వెళ్లాడు. బంతి తమ జట్టు చేతిలో ఉన్నప్పుడూ ఆడాడు, ఎదుటి జట్టు చేతిలో ఉన్నప్పుడూ ఆడాడు. ఈ రోజుల్లో అలా రెండు పక్కలా ఆడేవాళ్లు చాలా అరుదు. 2024లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండో స్థానంలో ఎంపికయ్యాడు.

గెలిచాడు కాబట్టి అతని నిర్ణయం ఒప్పు అని నేను అనడం లేదు. జాక్సన్ స్టేట్‌లో మొదటి నెలలోనే మోకాలు విరిగి ఆట ఆగిపోయి ఉన్నా, ఆ నిర్ణయం అతనిదే అయ్యుండేది. ఎందుకంటే ఆ మోకాలు అతనిది.

‘మాట తప్పాడు’ అంటారు

అభిమానుల మొదటి వాదన ఇది. మాట నిలబెట్టుకోవడం గొప్ప గుణం, కాదనను. మనసు మారినప్పుడు ముందుగా ఆ కోచ్‌కు ఫోన్ చేసి చెప్పడం మర్యాద, అదీ కాదనను. కానీ అది కుర్రాడికీ కోచ్‌కీ మధ్య సంగతి. మధ్యలో స్టేడియంలో కూర్చున్న పెద్దమనిషికి ఆ కుర్రాడు ఏ మాటా ఇవ్వలేదు.

సరే, మాట విలువ గురించే మాట్లాడుకుందాం. హంటర్ సంతకం చేయడానికి సుమారు రెండు వారాల ముందు ఏం జరిగిందో చూడండి. ఓక్లహోమా కోచ్ లింకన్ రైలీ ఉన్నట్టుండి ఆ జట్టు వదిలి కాలిఫోర్నియాలోని యూఎస్‌సీకి వెళ్లిపోయాడు. ఆ వెంటనే నోటర్ డేమ్ కోచ్ బ్రయన్ కెల్లీ లూయిజియానాలోని ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయాడు. కెల్లీకి పదేళ్ల ఒప్పందం, సుమారు 9.5 కోట్ల డాలర్లు. ఆయన వెళ్లేటప్పటికి నోటర్ డేమ్ సీజన్ ఇంకా పూర్తి కాలేదు, జాతీయ ప్లేఆఫ్ ఆశలు కూడా ఉన్నాయి. ఈ ఇద్దరినీ నమ్మి మాటిచ్చిన పిల్లలు, వాళ్ల ఇళ్లలో కూర్చుని కాఫీ తాగి వెళ్లిన కోచ్ వేరే ఊళ్లో ఉన్నాడని వార్తల్లో చదువుకున్నారు. పాత ఊళ్లో వాళ్లకూ కోపం వచ్చింది, నిజమే. కానీ లోకం మాత్రం దానికి వృత్తిలో ఎదుగుదల అని పేరు పెట్టింది. లక్షల జీతం తీసుకునే నలభై, అరవై ఏళ్ల మనిషి మారితే ఎదుగుదల, పద్దెనిమిదేళ్ల వాడు మారితే ద్రోహమా?

రోక్వాన్ స్మిత్ సంగతి ఇంకా బాగుంటుంది. 2015 ఫిబ్రవరిలో టీవీలో యూసీఎల్‌ఏకు వెళ్తానని ప్రకటించాడు. అంతలోనే, తనను అక్కడికి పిలిచిన కోచ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుకు వెళ్లిపోబోతున్నాడన్న వార్త వచ్చింది. కుర్రాడు కాగితం పంపకుండా ఆపేశాడు. ఆ కాగితం మీద సంతకం పడి ఉంటే? ఆ రోజుల్లో నిబంధన ప్రకారం, కోచ్ వెళ్లిపోయినా సరే, కుర్రాడు వదిలి వెళ్తే శిక్ష కుర్రాడికే. ఒక ఏడాది ఆట పోయేది. రోక్వాన్ చివరికి ఆ సంతకం పెట్టకుండానే జార్జియాలో చేరాడు, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గొప్ప ఆటగాడయ్యాడు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అనే సామెత ఆ పిల్లవాడికి తెలియదు. విషయం మాత్రం సమయానికి అర్థమైంది.

‘డబ్బుకు అమ్ముడుపోయాడు’ అంటారు

రెండో వాదన ఇది. 2024లో దీనికి పెద్ద ఉదాహరణ దొరికింది. మిషిగన్ రాష్ట్రంలోని బెల్‌విల్ ఊరి కుర్రాడు బ్రైస్ అండర్‌వుడ్. తన ఏడాదిలో దేశంలో మొదటి ర్యాంకు క్వార్టర్‌బ్యాక్. జనవరిలో ఎల్‌ఎస్‌యూకు మాటిచ్చి, నవంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారాడు. కోటి డాలర్లకు పైమాటే అని వార్తలొచ్చాయి. ఇంకేం, లూయిజియానాలో అమ్ముడుపోయాడన్నారు.

ఇక్కడ చరిత్ర కొంచెం తెలియాలి. 2021 జూలై 1 దాకా కాలేజీ ఆటగాడు తన పేరు మీద, తన బొమ్మ మీద ఒక్క డాలరు సంపాదించకూడదు. 2010లో జార్జియా ఆటగాడు ఏ.జె. గ్రీన్ తన సొంత జెర్సీని వెయ్యి డాలర్లకు అమ్ముకున్నాడని నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. అదే కాలంలో ఆటగాళ్ల నంబర్లు వేసిన జెర్సీలు కాలేజీల దుకాణాల్లో మామూలుగా అమ్ముడుపోయేవి. అంటే చొక్కా మీద అందరికీ హక్కుంది, తొడుక్కున్న వాడికి తప్ప! కోచ్‌లకు కోట్లు, టీవీ ఒప్పందాల్లో వందల కోట్లు, ఒళ్లు హూనం చేసుకునే వాడికి ఫీజు, భోజనం, హాస్టల్ గది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చాక గానీ తలుపు తెరుచుకోలేదు. 2025 నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు వాటా ఇస్తున్నాయి.

పూర్వం ఈ ఆటలో డబ్బు లేదని, ఈ పిల్లలే తెచ్చారని అనుకుంటే అది అమాయకత్వం. టెక్సాస్‌లోని ఎస్‌ఎంయూ జట్టు ఆటగాళ్లకు చాటుగా డబ్బిచ్చిందని 1987లో ఆ జట్టు ఆటనే ఒక ఏడాది రద్దు చేశారు. డబ్బు ఎప్పుడూ ఉంది. అప్పుడు కవర్లో వచ్చేది, ఇప్పుడు ఒప్పంద పత్రంలో వస్తోంది.

పైగా ఈ డబ్బు చేతికొచ్చేదాకా నమ్మకం లేదు. జేడన్ రషాడా అనే క్వార్టర్‌బ్యాక్‌కు ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి వస్తే 1.38 కోట్ల డాలర్ల పైచిలుకు ఇస్తామని ఒప్పందం జరిగింది. ఆ ఒప్పందం కుప్పకూలింది. 2023 జనవరిలో అతను ఫ్లోరిడాను వదులుకుని వేరే కాలేజీ చూసుకున్నాడు, 2024లో కోర్టుకెక్కాడు. ఇప్పుడు చెప్పండి, మాటల మార్కెట్ పెట్టింది పిల్లలా, పెద్దలా?

ఎన్‌సీఏఏ లెక్క ప్రకారమే కాలేజీలో ఆడేవాళ్లలో నూటికి ఇద్దరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరరు. మిగిలినవాళ్ల ఒంట్లో దెబ్బలుంటాయి, చేతిలో ఆట ఉండదు. ఆ నాలుగేళ్లలో నాలుగు రాళ్లు వెనకేసుకుంటానంటే అది పేరాశ కాదు, ముందుచూపు.

‘మనవాడు మన రాష్ట్రం వదలకూడదు’ అంటారు

మూడోది ఊరి అభిమానం. అండర్‌వుడ్ విషయంలోనే ఈ వాదన తేలిపోతుంది. అతను వెళ్లింది సొంత రాష్ట్రానికి! ఊరి ప్రేమే ధర్మమైతే లూయిజియానా వాళ్లు అతణ్ణి మెచ్చుకోవాలి. మెచ్చుకోలేదు. అంటే మన దగ్గరికొస్తే మట్టి మీద ప్రేమ, పక్కకెళ్తే డబ్బు పిచ్చి. ధర్మం మన జట్టు చొక్కా తొడుక్కుని తిరుగుతుందా?

ఇక్కడ లాండన్ కాలిన్స్ సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. లూయిజియానా కుర్రాడు. 2012 జనవరిలో టీవీలో అలబామాకు వెళ్తానని ప్రకటించాడు. పక్కనే కూర్చున్న తల్లి ముఖం చిన్నబుచ్చుకుంది, ఎల్‌ఎస్‌యూ అయితేనే బాగుండేదని అక్కడికక్కడే మైకులో చెప్పింది. దేశమంతా చూసింది. నాకు ఆమె మీద కోపం లేదు. కన్నతల్లి, చెప్పే హక్కు ఉంది, చెప్పింది. కానీ కొడుకు తలమీది టోపీ లాక్కోలేదు. అభిప్రాయం చెప్పడానికీ, పెత్తనం చెయ్యడానికీ తేడా అదే. తల్లికే అంతవరకు హక్కుంటే, ముక్కూమొహం తెలియని అభిమానికి ఎంతుండాలి?

‘తమాషా చేసింది అతనే, పడాల్సిందే’ అంటారు

నాలుగోది. టోపీలు పెట్టి ఆట ఆడించింది కుర్రాడే కదా, తిట్లు కూడా పడాలి కదా అని. ఆ తమాషాను అమ్ముకునేది టీవీ వాళ్లు, నక్షత్రాలు వేసేవాళ్లు. పదిహేనేళ్ల పిల్లవాణ్ణి దేశంలో ఫలానా నంబరు అని ముద్రవేసి మూడేళ్లు ఊరేగించి, చివరి రోజు అతను కాస్త ఊరేగితే తప్పు పడతారా? ఒక్క రోజు సంబరం చేసుకున్నంత మాత్రాన జీవితాన్ని జనానికి రాసిచ్చినట్టు కాదు.

అసలు విషయం ఎవరూ గమనించరు. ఈ ఆటలో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి చేరేదాకా ఆటగాడు తన ఇష్టంతో చోటు ఎంచుకునేది ఒక్క కాలేజీ దశలోనే. హైస్కూలు అంటే అమ్మానాన్నలు ఎక్కడ ఉంటే అక్కడ. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వెళ్లేటప్పుడు డ్రాఫ్ట్ అని ఉంటుంది. జట్లు వరుసగా ఆటగాళ్లను ఎంచుకుంటాయి, ఆటగాడు జట్టును ఎంచుకోడు. మన ఐపీఎల్ వేలంలో లాగే, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికే. 2025లో హంటర్‌ను జాక్సన్‌విల్ జట్టు ఎంచుకుంది, వెళ్లాడు. అప్పుడు ఎవరూ ద్రోహం అనలేదు. ఎందుకంటే అక్కడ నిర్ణయం యజమానులది. పిల్లవాడు తనంతట తాను నిర్ణయించుకున్నప్పుడే లోకానికి నీతి గుర్తొస్తుంది!

చిన్న కాలేజీ మాటేమిటి?

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే ప్రశ్న ఒకటుంది. శాండర్స్ వెళ్లాక హంటర్ కూడా వెళ్లిపోయాడు కదా, జాక్సన్ స్టేట్ గతేమిటి? అది అన్యాయం కాదా?

నష్టమే. కానీ ఆ నష్టం ఆ కుర్రాడితో మొదలవలేదు. దక్షిణాది పెద్ద కాలేజీలు నల్లజాతి ఆటగాళ్లను చాలాకాలం దరిచేరనివ్వలేదు. అలబామా జట్టులో నల్లజాతి ఆటగాళ్లు బరిలోకి దిగింది 1971లో. ఆ కాలంలో జాక్సన్ స్టేట్ లాంటివే వాళ్లకు నీడ. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చరిత్ర సృష్టించిన వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్ విద్యార్థే. తర్వాత పెద్ద కాలేజీలు తలుపులు తెరిచాయి. తెరవడం మంచిదే, కానీ డబ్బున్నవాళ్లు మంచి ఆటగాళ్లనందరినీ పట్టుకుపోయారు, చిన్న సంస్థలు చిన్నగానే మిగిలాయి. ఆ అన్యాయం సరిచేయాల్సింది డబ్బు పంచేవాళ్లు, టీవీ ఒప్పందాలు రాసేవాళ్లు. ఒక పిల్లవాడి భుజాల మీద సంస్థ మొత్తాన్ని మోయించడం న్యాయం కాదు. జాక్సన్ స్టేట్ హంటర్‌ను తిట్టి తెచ్చుకోలేదు, ‘రా, ఇక్కడ నీకు ఇది నేర్పుతాం’ అని పిలిచి తెచ్చుకుంది. అది గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన సంగతి

మనది తెలుగు మాధ్యమం బడి. తెలుగు రాష్ట్రాలకు దూరంగా, వేరే భాష మధ్య, తెలుగు చదువుకుంటున్నాం. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మన వీధుల్లో ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. బాగా మార్కులొచ్చిన పిల్ల ఇంగ్లీషు మీడియానికి వెళ్తే ‘బడిని మరిచింది, భాషను వదిలింది’ అంటాం. ఇక్కడే ప్లస్ వన్ చదువుతానంటే ‘ఇంత తెలివి పెట్టుకుని ఇక్కడెందుకు, పాడైపోతావు’ అంటాం. హంటర్‌ను అన్న రెండు మాటలూ ఇవే కదా! సైన్సు గ్రూపు తీసుకోకపోతే ఒక అత్తయ్యకు బాధ, తీసుకుంటే ఇంకో మామయ్యకు అనుమానం. హైదరాబాదు, విజయవాడల్లో కార్పొరేట్ కాలేజీల మనుషులు మంచి మార్కులొచ్చిన పిల్లల ఇళ్లకు వచ్చి, ఫీజు తగ్గిస్తామని మాట్లాడి వెళ్తారు. ఫలితాల రోజు టీవీలో ర్యాంకులు గొంతు చించుకుని చదువుతారు. అక్కడా పిల్లవాడి తెలివి వాడి ఇంటి సంగతి కాకుండా ఎవరో పెట్టిన బోర్డు మీద అంకె అయిపోతుంది.

మన బడిలో పిల్లలు తగ్గిపోతున్నారని బాధపడటం న్యాయమే. నాకూ ఉంది ఆ బాధ. కానీ వెళ్లేవాళ్లను నిందిస్తే ఒక్కరు కూడా తిరిగి రారు. ల్యాబు బాగుంటే, లైబ్రరీ తెరిచి ఉంటే, తెలుగులో చదివినవాడు ఇంగ్లీషులో కూడా నిలబడగలడని చూపిస్తే ఉండేవాళ్లు ఉంటారు. వెళ్లినవాళ్లు కూడా మన బడి పేరు గౌరవంగా చెప్పుకుంటారు.

అందుకే మా తరగతి వాళ్లకు నా మాట: వెళ్లే స్నేహితుణ్ణి ఎగతాళి చెయ్యకండి, ఉండే స్నేహితుణ్ణి జాలిగా చూడకండి. తల్లిదండ్రులకు: మీ అభిప్రాయం తప్పకుండా చెప్పండి, కారణాలు కూడా చెప్పండి, ఆ తర్వాత దరఖాస్తు మీద పేరు మమ్మల్ని రాయనివ్వండి. ఉపాధ్యాయులకు: బడి వదిలి వెళ్లేవాడికి టీసీతో పాటు ఒక మంచి మాట కూడా ఇచ్చి పంపండి.

ఆ సంతకం కింద వచ్చే కష్టం, సుఖం, ఓటమి, గెలుపు అన్నీ అనుభవించేది సంతకం పెట్టినవాడే. అనుభవించేవాడే నిర్ణయించుకోవాలి. మనకంత ప్రేమ ఉంటే, వెళ్లినచోట బాగా ఆడమని దీవిద్దాం.